తరోక్కి నకళ్లలో బంగారం, ఖాళీలు, అంకెలు

న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో భద్రపరచిన 35 పాత ఇటాలియన్ తరోక్కి (టారో) పేకముక్కల్లో చాలావాటికి పైఅంచు దగ్గర, బొమ్మ తలకు కాస్త ఎగువన, ఒక చిన్న చిల్లు కనిపిస్తుంది. ఎప్పుడో ఎవరో వాటిని మేకుకు తగిలించి ఉంటారు. ఇదే కట్టను ఇవాళ అచ్చువేసి అమ్మేవారిలో కొందరు ఆ చిల్లును ఉన్నదున్నట్టు ఉంచుతారు. కొందరు కంప్యూటర్‌లో చుట్టుపక్కల బంగారంతో దాన్ని పూడ్చేస్తారు. ఇంకొందరు బొమ్మను మొదటినుంచీ కొత్తగా గీయిస్తారు కాబట్టి వారికి చిల్లు ప్రసక్తే రాదు. చిల్లు చిన్నదే అయినా దాని దగ్గర తీసుకున్న నిర్ణయాన్ని బట్టి ఆ నకలు ఎటువంటిదో చాలావరకు చెప్పవచ్చు. అచ్చయిన పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసినట్టు పాత పేకకట్టను మళ్లీ అచ్చువేయడం కుదరదు. కొలత, లోహం, వెనుకవైపు కాగితం, పోయిన ముక్కలు, ముక్కలకు పెట్టే పేర్లు, అంకెలు అనే ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చుకోవలసిందే. ఆ తేల్చుకున్నదేమిటో కొనేవారికి చెప్పిన నకలుకే చారిత్రక విలువ ఉంటుందన్నది ఈ వ్యాసం వాదన.

టారో కార్డులనగానే మనకు జాతకం చెప్పే బల్ల గుర్తుకొస్తుంది గానీ ఈ ముక్కలు పుట్టింది ఆట కోసమే. పేకముక్కలు 14వ శతాబ్ది చివరి దశకాల్లో ముస్లిం దేశాల నుంచి యూరప్ చేరాయి. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి మ్యూజియంలో ఉన్న, ఈజిప్టును ఏలిన మమ్లూకుల కాలపు కట్టలో కప్పులు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు అనే నాలుగు రంగులున్నాయి. ఇటలీలో పోలో ఆట తెలియదు గనుక ఆ నాలుగో రంగు మామూలు కర్రలుగా మారిపోయింది. మిగిలిన మూడూ అలాగే నిలిచాయి. ఆ మమ్లూకు ముక్కల్లో ఒకదాని మీద కనిపించే ‘కంజిఫా’ అనే మాటా, నిర్మల్ చిత్రకారులు ఒకప్పుడు రంగులద్దిన గంజీఫా ముక్కల పేరూ ఒకటే. మనం ఇస్పేటు అంటున్న రంగు పేరును వెనక్కి తవ్వుకుంటూ పోయినా కత్తి అనే అర్థమున్న ‘స్పాదా’ దగ్గరే తేలుతుంది.

ఈ నాలుగు రంగుల కట్టకు 15వ శతాబ్ది తొలి సగంలో ఉత్తర ఇటలీలో ఇంకో వరుస కలిసింది. చక్రవర్తి, ప్రేమ, రథం, మృత్యువు, సూర్యుడు, లోకం వంటి బొమ్మలున్న ఆ ముక్కలు మిగతా ఏ రంగునైనా కొట్టగలవు. వాటిని ‘త్రియోంఫి’ అన్నారు. నేటి పేకాటలో తురుపు చేసే పనినే అవి శాశ్వతంగా చేసేవి. జుస్తో జుస్తి అనే నోటరీ 1440 సెప్టెంబరు 16న తన దినచర్యలో, రిమిని ప్రభువు సిజిస్మోందో మలతెస్తాకు నాలుగున్నర బంగారు నాణేలు పెట్టి చేయించిన త్రియోంఫి కట్టను ఇచ్చినట్టు రాసుకున్నాడు. ఈ ఆట గురించి ఇప్పటివరకు దొరికిన ప్రస్తావనల్లో అది అతి పాతది. ఇదే ఆటకు ‘తరోక్కి’ (నేటి టారో) అనే పేరు 1505లో ఫెరారా లెక్కల పుస్తకాల్లో కనిపిస్తుంది. ఈ ముక్కలు ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని ఫ్రాన్సులో కూర్ ద జెబెలాఁ ప్రకటించింది 1781లో. అంటే ఆట పుట్టిన మూడు శతాబ్దాలకు పైగా గడిచాక. ఆ ప్రకటనకు ఆధారమేదీ లేదు. కానీ నేడు పాత కట్టల నకళ్లు కొనేవారిలో ఎక్కువమంది ఆ తర్వాతి సంప్రదాయం నుంచి వచ్చినవారే కావడం వల్ల, దాని ఛాయ నకళ్ల మీద గట్టిగానే పడింది.

అన్నిటికంటే ఎక్కువగా నకళ్లు వచ్చినది విస్కోంతి-స్ఫోర్జా కట్ట. మిలాన్ ప్రభువు ఫ్రాంచెస్కో స్ఫోర్జా, అతని భార్య బియాంకా మరియా విస్కోంతిల కోసం సుమారు 1450 ప్రాంతంలో దీన్ని చేయించారు. బొమ్మలు వేసింది బోనిఫాచో బెంబో అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇందులో 74 ముక్కలు మిగిలాయి. మోర్గాన్ లైబ్రరీ 1911లో కొన్నవి 35, బెర్గామోలోని అకదేమియా కరారాలో ఉన్నవి 26, అదే ఊళ్లో కొల్లియోని కుటుంబం దగ్గర ఉన్నవి 13. కాబట్టి ఈ కట్ట మొత్తాన్ని ఒకేచోట పరచుకుని చూసే వీలు నకలుతో తప్ప సామాన్య పాఠకుడికి లేదు. పార్మా ప్రచురణకర్త ఫ్రాంకో మరియా రిచ్చి 1969లో ఈ బొమ్మలతో ఒక కళాగ్రంథం తెచ్చాడు. 1975లో అమెరికాకు చెందిన యు.ఎస్. గేమ్స్ సిస్టమ్స్ విడి ముక్కల కట్టగా అచ్చువేసింది. మూడు చోట్ల చెదిరిన ముక్కలు మామూలు మనుషుల చేతుల్లో మళ్లీ ఒక కట్టగా కలిసింది ఆ కాలంలోనే. నకళ్లు చేసిన మేళ్లలో ఇది అన్నిటికంటే పెద్దది.

అయితే ఆ చేతుల్లోకి వచ్చింది అసలుకు ఎంత దగ్గర? అసలు ముక్క పొడవు సుమారు 17.5 సెంటీమీటర్లు, వెడల్పు 8.7. మనం రోజూ ఆడే పేకముక్క పొడవే 8.9 సెంటీమీటర్లు. అంటే నేటి ముక్క నిలువు ఎంతో ఆ పాత ముక్క అడ్డం దాదాపు అంత. ఇంత పెద్ద ముక్కలను డెబ్భైకి పైగా చేతబట్టి కలపడం ఎంత కష్టమో, ఒక చేతిలో పది పదిహేను విసనకర్రలా పట్టుకుంటే ఎంత చోటు కావాలో అసలు కొలతలో చేసిన నకలుతో తెలుస్తుంది. జేబులో పట్టేట్టు కుదించిన నకలు ఆ అనుభవాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. చాలా ముద్రణలు బొమ్మ చుట్టూ తెల్లటి అంచో, నగిషీ అంచో చేర్చి దాన్ని ఇంకా చిన్నది చేస్తాయి. అసలు ముక్కలకు అలాంటి అంచు లేదు.

బంగారం సంగతి ఇంతకంటే చిక్కైనది. కాగితాలను పొరలు పొరలుగా అంటించి గట్టి అట్ట చేసి, దాని మీద సుద్దపూత వేసి, ఎర్రమన్ను పూసి, ఆ పైన బంగారు రేకు అతికి, నునుపైన రాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. తర్వాత చిన్న చిన్న ఉలుల్లాంటి పనిముట్లతో ఆ బంగారం మీద డైమండు గళ్లు, చుక్కలు, కిరణాలు గుచ్చేవారు. మనుషుల ముఖాలు, బట్టలు టెంపెరా (గుడ్డు సొనతో కలిపిన) రంగులతో చిత్రించేవారు. ఇలా చేసిన ముక్కను దీపం వెలుగులో చేత్తో పట్టుకుని కాస్త ఒంచితే గుచ్చిన ప్రతి గుంటా ఒక్కో కోణంలో తళుక్కుమంటుంది. నేపథ్యం ఒక క్షణం వెలిగి మరుక్షణం నల్లబడుతుంది. ఆ ముక్కకు ప్రాణం ఆ కదలికే. నాలుగు రంగుల సిరాతో అచ్చువేసినప్పుడు ఆ బంగారం ఏ వెలుగులో ఫొటో తీశారో ఆ వెలుగులోనే గడ్డకట్టుకుపోయి, ఎక్కువసార్లు గోధుమరంగు గోడలా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా కొందరు బంగారు రంగు ఫాయిల్‌ను వేడి అచ్చుతో అద్దుతున్నారు. టొరినోలోని లో స్కారబేవో సంస్థ చిత్రకారుడు అతానాస్ అతనాసోవ్ చేత బొమ్మలన్నీ తిరిగి వేయించి, ఫాయిల్ అద్ది ఒక విస్కోంతి కట్ట తెచ్చింది. ఫాయిల్ మెరుస్తుంది, నిజమే. కానీ అది అద్దంలా అంతటా ఒకే తీరుగా మెరుస్తుంది, ఐదున్నర శతాబ్దాల అరుగుదల కింద తొంగిచూసే ఎర్రమన్ను అందులో ఉండదు. ఫొటో నకలు వెలుగును పోగొట్టుకుంటుంది, ఫాయిల్ నకలు వయసును పోగొట్టుకుంటుంది. రెండింటిలో ఏది మేలని అడిగితే, కాలం వేసిన గీతలున్న ఫొటో నకలు వైపే మొగ్గడం న్యాయం. అందులో లేనిదేమిటో చూసినవారికి వెంటనే తెలిసిపోతుంది, ఫాయిల్ నకలులో మాత్రం అంతా ఉన్నట్టే అనిపిస్తుంది. వెండిదీ ఇలాంటి చిక్కే. అదే కాలపు ఖరీదైన కట్టల్లో వెండి రేకు అద్దిన చోట్లు గాలి తగిలి నల్లబడ్డాయి. నలుపును అలాగే అచ్చువేస్తే చిత్రకారుడు అనుకోని చీకటి వస్తుంది, తెల్లగా మారిస్తే నేడు ఎక్కడా లేని వస్తువు తయారవుతుంది.

ఇక ఖాళీలు. విస్కోంతి-స్ఫోర్జా కట్టలో దయ్యం, బురుజు, కత్తుల మూడు, నాణేల గుర్రపురౌతు అనే నాలుగు ముక్కలు లేవు. 78 ముక్కలు ఉంటేనే కొనేవారికి తృప్తి కాబట్టి దాదాపు ప్రతి ప్రచురణకర్తా ఈ నాలుగింటినీ కొత్తగా వేయించుకుంటాడు. కత్తుల మూడుతో ఇబ్బంది లేదు, రెండునూ నాలుగునూ చూస్తే అది ఎలా ఉండేదో ఊహించవచ్చు. రౌతును మిగతా ముగ్గురు రౌతుల పోలికతో వేయవచ్చు. దయ్యం విషయంలో మాత్రం ఆధారమే దొరకదు. ఆ శతాబ్దంలో ప్రభువుల కోసం చేత్తో చిత్రించిన కట్టల్లో దయ్యం ముక్క ఒక్కటీ మిగల్లేదు. చెక్క అచ్చుతో వేసిన చవక ముక్కల్లో మాత్రం కనిపిస్తుంది. అయినా చాలా నకళ్లలోని దయ్యం ఆ ఇటాలియన్ చవక ముక్కల నుంచి రాదు. రెండు శతాబ్దాల తర్వాత ఫ్రాన్సులో స్థిరపడిన మార్సెయ్ కట్టల్లోని గబ్బిలపు రెక్కల దయ్యానికి బంగారు నేపథ్యం తొడిగి పెడతారు. చేతిలోకి తీసుకున్నవారు మిలాన్ ఆస్థానం దయ్యాన్ని ఇలాగే ఊహించిందని నమ్ముతారు. ఆ నాలుగు ముక్కల మూలలో చిన్న గుర్తు వేసినా, కట్టతో వచ్చే కాగితంలో ఒక వాక్యం రాసినా సరిపోయే విషయం ఇది.

ఇక్కడ న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పోయిన ముక్కల స్థానంలో కొత్తవి పెట్టడం నేటి వ్యాపారులు కనిపెట్టింది కాదు. అదే కట్టలో బలం, మితం, నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు, లోకం అనే ఆరు ముక్కలు వేరే చిత్రకారుడి చేతివని వాటిని చూసినవారెవరైనా పోల్చగలరు. ముఖాల గుండ్రదనం వేరు, ఒంటి తీరు వేరు, కొండలు వేసిన పద్ధతీ వేరు. అవి కొన్నేళ్ల తర్వాత కట్టలోకి చేరాయనే అభిప్రాయమే బలంగా ఉంది. మనం అసలు అని పిలుస్తున్న కట్ట కూడా ఒకసారి అతుకులు వేయించుకున్నదే అన్నమాట. ఆ ఆరింటినీ మిగతావాటితో కలిసిపోయేట్టు రంగు సరిదిద్దిన నకళ్లున్నాయి. ఆ పని చేసినప్పుడు కట్ట చరిత్రలోని ఒక ముఖ్యమైన సాక్ష్యం చెరిగిపోతుంది.

ఖాళీలు పూరించడంలోని ప్రమాదం కేరీ-యేల్ కట్టలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యేల్ విశ్వవిద్యాలయపు బైనికీ లైబ్రరీలో ఉన్న ఈ విస్కోంతి కట్టలో 67 ముక్కలు మిగిలాయి. ఇందులో ప్రతి రంగుకూ రాజు, రాణితో పాటు మగ రౌతు, ఆడ రౌతు, మగ సేవకుడు, ఆడ సేవకురాలు ఉంటారు. పదకొండు తురుపు బొమ్మల్లో విశ్వాసం, ఆశ, దయ అనే మూడు క్రైస్తవ సుగుణాలున్నాయి. తర్వాతి మామూలు టారో కట్టల్లో ఇవేవీ కనిపించవు. ఈ కట్టలో మొదట ఎన్ని తురుపులు ఉండేవన్నది పండితుల మధ్య ఇంకా తేలని ప్రశ్న. కానీ అమెరికన్ ముద్రణ దీనికి 19 కొత్త ముక్కలు చేర్చి మొత్తం 86 చేసింది. లెక్క చూస్తే రంగుకు పదహారు చొప్పున 64, తురుపులు 22. ఆ ఇరవై రెండు అనే అంకె తర్వాతి కాలపు కట్టల నుంచి అరువు తెచ్చుకున్నది. ఆట ఇంకా ఒక రూపానికి రాని రోజుల నాటి ప్రయోగాన్ని, తర్వాత స్థిరపడిన రూపంలోకి ఒదిగించినట్టయింది. 67 ముక్కలు మాత్రమే అచ్చువేసి పెట్టెలో ఖాళీ వదిలి ఉంటే కొనేవారు తగ్గేవారేమో గానీ, చూసేవారికి అసలు ప్రశ్న కనబడి ఉండేది.

అంకెలు, పేర్లు చేసే మార్పు పైకి తెలియదు. విస్కోంతి కట్టల్లో తురుపుల మీద అంకె లేదు, పేరు లేదు. ఏది దేనిని కొడుతుందో ఆటగాళ్లు మనసులో పెట్టుకునేవారు. ఆ వరుస కూడా ఊరికొక తీరు. ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త మైకేల్ డమ్మెట్ ఈ వరుసలను జాగ్రత్తగా పోల్చి మూడు కుటుంబాలుగా విడదీశాడు. బొలోన్యా, ఫ్లోరెన్స్‌లలో అన్నిటికంటే పెద్దది దేవదూత ముక్క. మిలాన్‌లో లోకం ముక్క. ఫెరారాలో న్యాయదేవత చివరి మెట్ల దాకా ఎక్కేసి కూర్చుంటుంది. నకళ్లలో చాలావాటి మీద వేస్తున్న అంకెలు ఫ్రెంచి మార్సెయ్ వరుసవి. కొన్నింటిలో 1909 నాటి ఇంగ్లీషు కట్టను అనుసరించి బలం ఎనిమిదో, న్యాయం పదకొండో అంకె పొందాయి. అంకె వేయగానే ఒక ఊరి ఆట ఇంకో ఊరి ఆటగా మారిపోతుంది.

పేరు పెట్టడం ఇంకా లోతుగా దెబ్బతీస్తుంది. విస్కోంతి-స్ఫోర్జా కట్టలో నిలబడి ఉన్న ఒక గడ్డపు వృద్ధుణ్ణి చూడండి. ఒక చేతిలో ఊతకర్ర, ఇంకో చేతిలో ఇసుక గడియారం. ఒంటిమీద ఉన్నవి అడవిలో తపస్సు చేసుకునేవాడి గుడ్డలు కావు, దర్జా అయిన నిలువుటంగీ. ఆ కాలపు ఇటాలియన్ జాబితాలు ఈ ముక్కను ముసలివాడనో, గూనివాడనో, కాలమనో పిలిచాయి. తర్వాతి తరాల అచ్చుపనివారి చేతుల్లో ఇసుక గడియారం లాంతరుగా మారి, మనిషి సన్యాసి అయిపోయాడు. నకలు అచ్చువేసేవారు ఈ బొమ్మ కింద ‘సన్యాసి’ అని రాస్తే చదివినవారి కన్ను ఇసుక గడియారం మీద నిలవదు. లేని ఏకాంతాన్ని వెతుక్కుంటుంది. కాలం ఎవరికోసమూ ఆగదని ప్రభువుకు గుర్తుచేసిన ముక్క ఆ ఒక్క మాటతో మాయమైపోతుంది.

మాంతెన్యా తరోక్కి పేరుతో అమ్ముడవుతున్న నకళ్లదీ ఇదే కథ. సుమారు 1465-1475 మధ్య చెక్కిన ఈ యాభై రాగిరేకు ముద్రలు ఇటాలియన్ చిత్రకారుడు మాంతెన్యావి కావు, తరోక్కి కట్టా కాదు. బిచ్చగాడి నుంచి పోపు దాకా మానవ స్థితులు, కళాదేవతలు, విద్యలు, సుగుణాలు, గ్రహమండలాలు అనే ఐదు పదుల వరుసలవి. నాలుగు రంగులు లేవు, తురుపు లేదు. చాలా అందమైన బొమ్మలు, జర్మన్ చిత్రకారుడు ద్యూరర్ కూడా కొన్నింటిని చూసి గీసుకున్నాడు. వాటిని విడి ముక్కలుగా కత్తిరించి పెట్టెలో పెట్టి టారో అని అమ్మడం వల్లనే ఆ పేరు ఇంకా వదలకుండా ఉంది.

నకలు ఎంత దూరం ప్రయాణించగలదో తెలుసుకోవాలంటే సోలా బుస్కా కట్ట చూడాలి. 15వ శతాబ్ది నుంచి 78 ముక్కలూ నిండుగా మిగిలిన ఏకైక కట్ట అది. రాగిరేకుల మీద చెక్కి అచ్చుతీసి, ఆ పైన చేత్తో రంగులద్దారు. చెక్కినవాడు అంకోనాకు చెందిన నికోలా ది మాయెస్త్రో ఆంతోనియో అని ఇటీవలి పరిశోధకుల అభిప్రాయం. ఒక ముక్క మీద నగరం పుట్టిన 1070వ సంవత్సరం అని లాటిన్‌లో ఉంది. వెనిస్ పుట్టుక 421లో అని అక్కడివారి సంప్రదాయం కాబట్టి ఆ లెక్క 1491కి వస్తుంది. ఈ కట్ట తురుపుల్లో చక్రవర్తి, రథం, చంద్రుడు కనిపించరు. మారియో, కాతో, నీరో, నిమ్రోదు, నెబుకద్నెజరు వంటి రోమన్, బైబిలు పాత్రలు కవచాలు తొడుక్కుని నిలబడతాయి. అంతకంటే విశేషం అంకెల ముక్కల్లో ఉంది. మిగతా ఇటాలియన్ కట్టల్లో కత్తుల పది అంటే పది కత్తులు పేర్చి ఉండడమే. ఇక్కడ ఒక మనిషి పది కత్తుల మోపు ఎత్తుకుని ఒంగి నడుస్తుంటాడు. కత్తుల మూడులో మూడు కత్తులు ఒక గుండెను పొడుచుకుని ఉంటాయి.

ఈ కట్ట సొంతదారులైన కుటుంబం 1907లో దాని నలుపు-తెలుపు ఫొటోలను బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత, 1909లో, పమేలా కోల్మన్ స్మిత్ లండన్‌లో వేసిన కట్ట ఇవాళ ప్రపంచమంతా టారో అంటే కళ్ల ముందు మెదిలే కట్ట. అందులోని కత్తుల మూడు దాదాపు ఆ సోలా బుస్కా ముక్కే. కర్రల పదిలో మోపు కింద ఒంగి నడుస్తున్న మనిషి సోలా బుస్కా కత్తుల పదిలోని మనిషే. ఆమె ఆ ఫొటోలు చూసి ఉంటుందనే అభిప్రాయాన్ని ఈ పోలికలు గట్టిగా నిలబెడుతున్నాయి. ఆమె చూసింది అసలు ముక్కలను కాదు, రంగుల నకళ్లనూ కాదు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ బూడిదరంగుగా మారిపోయిన ఫొటోలను. గీత మాత్రమే చేరింది, రంగు చేరలేదు. 20వ శతాబ్దపు టారో చిత్రాల చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు ఒక నకలు వల్ల, అదీ లోపమున్న నకలు వల్ల వచ్చింది. ఇటలీ ప్రభుత్వం 2009లో ఈ కట్టను కొని మిలాన్‌లోని పినకొతెకా ది బ్రేరాకు చేర్చాక రంగుల బొమ్మలు విరివిగా బయటికొచ్చాయి. అయినా సోలా బుస్కా నకళ్లలో రంగులద్దని గీతల కట్టకు తన స్థానం తనకుంది. వియన్నాలోని ఆల్బెర్తినా, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలలో రంగులేని విడి ముద్రలు ఉన్నాయి. ఉలి పని ఎంత సన్నదో, నీడ కోసం పక్కపక్కనే గీసిన గీతలు ఎక్కడ దగ్గరపడి ఎక్కడ దూరమయ్యాయో వాటిలోనే బాగా తెలుస్తుంది. రంగుల నకలు వెనిస్ ఇంటివారి చేతుల్లోని వస్తువును చూపితే, రంగులేని నకలు చెక్కినవాడి బల్లను చూపుతుంది. రెండూ అసలుకు న్యాయం చేసేవే.

ఎవరు ఏ కట్టను అచ్చువేయగలరన్నది ఇటీవలి కాలంలో చట్టం మీద కూడా ఆధారపడుతోంది. పాత బొమ్మల మీద కాపీహక్కు ఎవరికీ లేదు. సమతలమైన పాత చిత్రాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీసినంత మాత్రాన కొత్త హక్కు పుట్టదని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 1999లో తేల్చింది. బైనికీ తన కేరీ-యేల్ ముక్కల బొమ్మలను స్పష్టమైన పెద్ద ఫొటోలుగా అందరికీ అందుబాటులో పెట్టింది. ఇటలీలో పద్ధతి వేరు. 2004 నాటి సాంస్కృతిక సంపద స్మృతి ప్రకారం ప్రభుత్వ మ్యూజియంలలోని వస్తువుల బొమ్మలను వ్యాపారానికి వాడుకోవాలంటే అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి. యేల్ కట్టను ఎవరైనా ఇంట్లోంచే అచ్చుకు పంపగలుగుతుంటే, మిలాన్‌లోని ముక్కల దగ్గర అది సాధ్యం కాకపోవడానికి కారణం ఇదే. నకళ్ల సంఖ్యలో కనిపించే తేడా కట్టల గొప్పదనానికి కొలత కాదు.

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ ప్రభువుల ఇళ్లలోని కట్టలే కావడంలో ఒక పెద్ద వక్రత ఉంది. బంగారు ముక్కలు మిగిలింది వాటితో పెద్దగా ఆడకపోవడం వల్ల. నిజంగా ఆడినవి చెక్క అచ్చుతో వేసి, స్టెన్సిల్‌తో రెండు మూడు రంగులు పులిమిన చవక ముక్కలు. అవి అరిగి, నలిగి, చిరిగి చెత్తలో కలిసిపోయాయి. పాడైన ముద్రణ పలకలను, అంటే ముక్కలుగా కత్తిరించని అచ్చు కాగితాలను, పుస్తకాల అట్టలు గట్టిపరచడానికి లోపల అంటించేవారు. ఆ అట్టల్లోంచి బయటపడ్డ పలకలే నేడు వాటికి సాక్ష్యం. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలోని రోజెన్‌వాల్డ్ పలకలు, యేల్‌లోని కేరీ పలక, బుడాపెస్ట్, న్యూయార్క్‌లలోని మరికొన్ని ఇలాంటివే. మిలాన్‌లోని స్ఫోర్జా కోటలో బావుల్లోంచి కూడా పాత ముక్కల తునకలు దొరికాయి. వీటి నకళ్లు తక్కువ, అవి కొనేవారూ తక్కువే. కానీ చరిత్రకు వీటి నకళ్లే ఎక్కువ అవసరం. కొందరు చేతిపనివారు ఈ పలకలను చూసి తిరిగి చెక్క మీద చెక్కి, చేత్తో అచ్చుతీసి, స్టెన్సిల్‌తో రంగు వేస్తున్నారు. స్టెన్సిల్ కాస్త జరిగి ఎరుపు గీత దాటి పక్కకు పాకితే దాన్ని దిద్దరు, ఎందుకంటే అసలు ముక్కల్లోనూ అది అలాగే పాకింది.

చేతిపనిలో మాత్రమే దొరికే ఇంకో వివరం ఉంది. పాత ఇటాలియన్ అచ్చు ముక్కకు వెనుకవైపు కాగితాన్ని ముక్క కంటే కాస్త పెద్దదిగా కత్తిరించి, నాలుగు వైపులా ముందుకు మడిచి అంటించేవారు. దానివల్ల బొమ్మ చుట్టూ సన్నని చట్రం ఏర్పడేది, అంచులు చీలేవి కావు. వేలితో అంచు తడిమితే ఆ మడత గట్టిగా, కొంచెం ఉబ్బెత్తుగా తగిలేది. నేటి యంత్రం నాలుగు అంచులూ ఒక్క దెబ్బకు తెగ్గోసి, మూలలు గుండ్రం చేసి, పైన ప్లాస్టిక్ పూతో, నార గుడ్డ లాంటి గరుకుదనమో ఇస్తుంది. మడతను బొమ్మలో భాగంగా ఫొటో తీసి అచ్చువేస్తే అది కంటికి కనిపిస్తుంది గానీ వేలికి తగలదు. మిలాన్‌లో ఒస్వాల్దో మెనెగాజ్జి నడిపిన ఇల్ మెనెగెల్లో సంస్థ ఈ స్పర్శను కాస్తయినా నిలబెట్టాలని చూసినవాటిలో ఒకటి. 1830ల మధ్యలో ఫెర్దినాందో గుంపెన్‌బర్గ్ కోసం కార్లో దెల్లారోకా చెక్కిన సొప్రఫినో కట్టను, ఇంకా మిలాన్ ఉన్న లొంబార్దీ ప్రాంతపు అనేక పాత కట్టలను అది కొద్ది ప్రతుల్లో, మందపాటి అట్ట మీద, లక్కముద్ర వేసిన పెట్టెల్లో తెచ్చింది. బజారులో పెద్ద సంస్థలు తెచ్చే సొప్రఫినో నకళ్లతో వీటిని పక్కపక్కన పెడితే, బొమ్మ ఒకటే అయినా వస్తువు రెండని చేతికి తెలుస్తుంది.

బొలోన్యా కట్టకు వచ్చేసరికి నకలు అనే మాటే సరిగ్గా అతకదు. అక్కడి తరోక్కీనో కట్టలో రెండు నుంచి ఐదు దాకా అంకెల ముక్కలు తీసేయగా మిగిలినవి 62. ఆ ఆట నేటికీ ఆ ఊళ్లో ఆడుతున్నారు. 1725లో లుయీజి మొంతియేరి అనే మతాధికారి భూగోళ వివరాలతో ఒక తరోక్కి కట్ట వేయించి, అందులో బొలోన్యా ప్రభుత్వాన్ని మిశ్రమ ప్రభుత్వమని రాశాడు. ఊరు పోపు పాలనలో ఉంది కాబట్టి పోపు ప్రతినిధికి అది రాజద్రోహంగా తోచింది. కట్టలు తగలబెట్టించాడు, సంబంధమున్నవారిని పట్టించాడు. చివరికి గొడవ సర్దుమణిగింది గానీ, తురుపుల్లోని పోపు, చక్రవర్తి వంటి నాలుగు బొమ్మలు తీసేసి వాటి చోట నలుగురు మూర్లను (ఉత్తర ఆఫ్రికా ముస్లింలను) పెట్టవలసి వచ్చింది. తర్వాత అదే శతాబ్దిలో బొమ్మలు తలకిందులైనా ఒకేలా కనబడేట్టు రెండు తలలవి అయ్యాయి. ట్రియెస్తెలోని మొదియానో సంస్థ ఇవాళ అచ్చువేస్తున్న బొలోన్యా కట్ట పాతదానికి నకలు కాదు, ఆగకుండా అచ్చవుతూ వచ్చిన కట్టకు తాజా ముద్రణ. పెట్టె విప్పితే 62 ముక్కలే ఉంటాయి, ఆ నలుగురు మూర్లూ ఇంకా అక్కడే ఉన్నారు.